యాడ్స్ సర్దాలా, కొత్త ఆర్టికల్ రాయాలా? సైట్ ఆదాయం పెంచుకోవడానికి ఒక లెక్క

సైట్ మీద కొద్దో గొప్పో డబ్బు రావడం మొదలయ్యాక ఎవరికైనా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఈ శని, ఆదివారాలు ఖాళీ దొరికాయి. యాడ్స్ ఎక్కడ పెట్టాలో, ఎన్ని పెట్టాలో చూసుకుని ఉన్న ట్రాఫిక్ నుంచే ఇంకాస్త రాబట్టాలా? లేక కూర్చుని రెండు కొత్త ఆర్టికల్స్ రాసేయాలా? "రాస్తూ పోండి, డబ్బు అదే వస్తుంది" అని కొందరు చెబుతారు. "యాడ్ చోటు మారిస్తే చాలు, ఆదాయం రెట్టింపు" అని ఇంకొందరు. రెండు మాటలూ కొన్ని సైట్లకు పనికొస్తాయి, కొన్నింటికి నష్టం తెస్తాయి. మీ సైట్ ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడానికి ఒక గంట కూర్చుని లెక్క వేస్తే చాలు. ఆ లెక్క ఎలా వేయాలో, వేశాక ఏ పని ఏ వరుసలో చేయాలో కింద చెబుతున్నాను. గూగుల్ యాడ్ నెట్‌వర్క్ అయిన యాడ్‌సెన్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ, వేరే యాడ్ నెట్‌వర్క్ వాడేవాళ్లకూ ఇదే వరుస పనికొస్తుంది.

1. ముందు మీ అంకెలు బయటికి తీయండి

యాడ్‌సెన్స్ రిపోర్టుల్లోకి వెళ్లి గత మూడు నెలలవి చూడండి. నెలకు ఎన్ని పేజీ వ్యూస్ వస్తున్నాయి, పేజీ ఆర్‌పీఎం ఎంత అన్నవి రాసుకోండి. ఆర్‌పీఎం అంటే వెయ్యి పేజీ వ్యూస్‌కి మీకు వచ్చే డబ్బు. సంపాదనను పేజీ వ్యూస్‌తో భాగించి వెయ్యితో గుణిస్తే అదే వస్తుంది. క్లిక్కుకి ఎంత వస్తోంది, వందకు ఎన్ని క్లిక్కులు పడుతున్నాయి అనేవాటి వెంట ఇప్పుడు పడకండి. 2024లో యాడ్‌సెన్స్ ప్రచురణకర్తలకు క్లిక్కును బట్టి ఇచ్చే పద్ధతి మాని ఇంప్రెషన్లను, అంటే యాడ్ ఎన్నిసార్లు చూపించారన్నదాన్ని బట్టి చెల్లించే పద్ధతికి మారింది. అంతకుముందు రాసిన "క్లిక్కులు పెంచుకునే చిట్కాలు" ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, వాటిని పట్టుకుని సైట్ పాడుచేసుకునేవాళ్లూ ఉన్నారు.

తర్వాత మీ రాత గురించి రెండు అంకెలు కావాలి. ఒక ఆర్టికల్‌కు మీకు పట్టే గంటలు ఎన్ని? విషయం వెతకడం, రాయడం, బొమ్మలు, దిద్దుబాటు, సైట్‌లోకి ఎక్కించడం అన్నీ కలిపి నిజాయితీగా లెక్కపెట్టండి. ఇక రెండోది, ఏడాది దాటిన మీ ఆర్టికల్‌ ఒక్కోటి నెలకు ఎన్ని వ్యూస్ తెస్తోంది? ఇక్కడ సగటు తీయకండి. ఒక్క ఆర్టికల్ ఎక్కడో పేలి వేలకు వేల వ్యూస్ తెస్తుంటే సగటు మిమ్మల్ని మోసం చేస్తుంది. ఏడాది దాటినవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్చి, సరిగ్గా నడిమధ్యలో ఉన్నదాని అంకె తీసుకోండి. రేపు మీరు రాయబోయే ఆర్టికల్ నుంచి ఆశించదగ్గది సుమారుగా అంతే. ఆ అంకె చూస్తే చాలామందికి నీరసం వస్తుంది, అయినా దాన్నే పట్టుకోండి.

2. గంటకు ఎంత వస్తుందో చూడండి

రెండు పనులనూ ఒకే కొలమానంతో కొలవాలి. ఒక గంట పని వల్ల నెలకు ఎంత అదనంగా వస్తుంది అన్నదే ఆ కొలమానం. అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం, మీ దగ్గర వీటి బదులు మీవి వేసుకోండి.

ఆర్‌పీఎం 2 డాలర్లు. ఒక ఆర్టికల్ రాయడానికి 6 గంటలు. కుదురుకున్నాక అది నెలకు 300 వ్యూస్ తెస్తుంది. అంటే ఒక ఆర్టికల్ నెలకు 60 సెంట్లు తెస్తుంది. గంట పనికి నెలకు 10 సెంట్లు పడింది.

యాడ్స్ సంగతి. ఇంతవరకూ యాడ్స్‌ని ఎప్పుడూ పట్టించుకోని సైట్‌లో 12 గంటలు శ్రద్ధగా పనిచేస్తే ఆర్‌పీఎం 40 శాతం పెరిగిందనుకుందాం. నెలకు 500 వ్యూస్ ఉన్న సైట్‌కి వస్తున్నదే ఒక డాలర్. అందులో 40 శాతం అంటే 40 సెంట్లు, గంటకు 3 సెంట్లు పైచిలుకు. ఈ సైట్ వాళ్లు యాడ్స్ జోలికి వెళ్లనే కూడదు, రాసుకుంటూ పోవాలి.

అదే 9,000 వ్యూస్ సైట్ అయితే నెలకు 18 డాలర్లు వస్తుంది. 40 శాతం అంటే 7 డాలర్ల 20 సెంట్లు, గంటకు 60 సెంట్లు. కొత్త ఆర్టికల్ కంటే ఆరు రెట్లు. ఈ సైట్ వాళ్లు ముందు యాడ్స్ పని చూసుకోవాలి.

అయితే ఇదే సైట్‌లో రెండోసారి మళ్లీ 12 గంటలు యాడ్స్ మీద పెడితే ఇంకో 40 శాతం రాదు. సులువుగా దొరికేది మొదటిసారే అయిపోతుంది. రెండోసారి 3 శాతం వచ్చిందనుకోండి. ఇప్పుడు నెలకు వచ్చే 25 డాలర్ల 20 సెంట్లలో 3 శాతం అంటే 75 సెంట్లు, గంటకు 6 సెంట్లు. ఈలోగా ఆర్‌పీఎం 2.80కి పెరిగింది కాబట్టి ఆర్టికల్ గంట విలువ 14 సెంట్లకు చేరింది. ఇప్పుడు రాయడమే లాభం. ఇక నెలకు 3 లక్షల వ్యూస్ ఉన్న సైట్‌లో ఆ రెండోసారి 3 శాతమే 25 డాలర్లు, గంటకు 2 డాలర్ల పైన. అక్కడ చిన్న మార్పు కూడా గిట్టుబాటే.

చూశారా, ఒకే పని, మూడు చోట్ల మూడు జవాబులు. యాడ్స్ వల్ల వచ్చే పెరుగుదల ఎప్పుడూ ఉన్నదాని మీద శాతమే. ఉన్నది తక్కువైతే శాతం ఎంతైనా చేతికొచ్చేది తక్కువే. కొత్త ఆర్టికల్ ఉన్నదానితో సంబంధం లేకుండా పక్కన వచ్చి చేరుతుంది. అందుకే చిన్న సైట్ వాళ్లు పెద్ద సైట్ వాళ్ల సలహా పాటిస్తే నెలలు వృథా అవుతాయి.

లెక్కలో కనిపించని సంగతి ఒకటుంది. యాడ్ మార్పు ఫలితం రేపటి నుంచే మొదలవుతుంది. ఆర్టికల్ సెర్చ్‌లో పైకి రావడానికి నెలలు పడుతుంది, కొన్ని ఎప్పటికీ రావు. డబ్బు త్వరగా అవసరమైనవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. అలాగే పాత ఆర్టికల్స్‌కి వ్యూస్ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంటాయి, కాబట్టి రాయడం పూర్తిగా ఆపేస్తే ఇప్పుడున్న ఆదాయం కూడా నిలబడదు.

3. యాడ్స్ పని ఒక్కసారి, గట్టిగా చేయండి

మీ సైట్‌లో అన్నింటికంటే ఎక్కువమంది చదివే ఆర్టికల్‌ను ఫోన్‌లో తెరవండి. కంప్యూటర్‌లో చూసి సర్దడం అందరూ చేసే పొరపాటు. చదివేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో ఉంటే మీరూ ఫోన్‌లోనే చూడాలి. ఇప్పుడు బొటనవేలితో మెల్లగా కిందికి జరుపుతూ ఏది ఎప్పుడు కనిపిస్తోందో గమనించండి.

చాలా సైట్లలో కనిపించే దృశ్యం ఇలా ఉంటుంది. లోగో, దాని కింద ఒక యాడ్, ఆ కింద హెడ్డింగ్, ఫొటో, మళ్లీ యాడ్. ఆర్టికల్ మొదటి వాక్యం రెండో స్క్రీన్‌లో ఎక్కడో మొదలవుతుంది. చదువుదామని వేలు పెట్టబోతుంటే పైనున్న యాడ్ ఆలస్యంగా లోడై, అక్షరాలన్నీ ఒక్కసారిగా కిందికి జారిపోతాయి. సగం మంది అక్కడే వెనక్కి వెళ్లిపోతే కింద పెట్టిన నాలుగు యాడ్స్‌ని ఎవరు చూస్తారు?

దీన్ని ఇలా సర్దండి. హెడ్డింగ్, ఆ వెంటనే మొదటి పేరా, ఆ పేరా కింద మొదటి యాడ్. తర్వాత ప్రతి మూడు నాలుగు పేరాలకు, ఒక ఉపశీర్షికకు ముందు, ఇంకో యాడ్. ఒక భాగం ముగిసి చదివేవాడు ఊపిరి తీసుకునే చోట యాడ్ పెడితే విసుగు పుట్టదు. పేరా మధ్యలో, బొమ్మకూ దాని వివరణకూ నడుమ పెట్టకండి.

సైడ్‌బార్‌లో యాడ్ ఉంటే అది ఫోన్‌లో ఎక్కడికి పోతోందో చూడండి. చాలా థీమ్‌లలో సైడ్‌బార్ మొత్తం ఆర్టికల్ చివర, కామెంట్ల కింద, ఫుటర్ పక్కన తేలుతుంది. అక్కడిదాకా ఎవరూ రారు. దాన్ని ఫోన్‌లో కనిపించకుండా తీసేసి, ఆ యాడ్ యూనిట్‌ను (యాడ్ పెట్టెను) ఆర్టికల్ లోపలికి తెచ్చుకోండి.

ఏ యూనిట్ కనిపిస్తోందో, ఏది కనిపించడం లేదో ఊహించక్కర్లేదు. యాడ్‌సెన్స్ రిపోర్టులో యాడ్ యూనిట్ల వారీగా యాక్టివ్ వ్యూ అంకె ఉంటుంది. మామూలు డిస్‌ప్లే యాడ్‌లో కనీసం సగం భాగం కనీసం ఒక సెకను పాటు తెర మీద ఉంటేనే అది కనిపించినట్టు లెక్క. వందకు ఇరవై సార్లు కూడా కనిపించని యూనిట్ ఉంటే పైకి జరపండి, లేదా తీసేయండి. కనిపించని చోటికి ప్రకటనదారులు వేలంలో తక్కువ ధరే పాడతారు. ఊరికే పెట్టి ఉంచితే పేజీ బరువెక్కడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

పేజీ జారిపోయే సమస్యకు మందు సులువు. యాడ్ వచ్చే పెట్టెకు ముందుగానే ఎత్తు కేటాయించాలి. 300×250, 336×280 సైజులు వచ్చే చోట ఆ పెట్టెకు (డివ్‌కి) పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లో కనీస ఎత్తు (మిన్-హైట్) 280 పిక్సెళ్లు ఇస్తే సరిపోతుంది. యాడ్ ఆలస్యంగా వచ్చినా అక్షరాలు కదలవు. పేజీ ఎంత సాఫీగా తెరుచుకుంటుందో కొలిచే గూగుల్ కోర్ వెబ్ వైటల్స్‌లో ఈ కుదుపును కొలిచే సీఎల్ఎస్ 0.1 దాటకూడదు, పేజీలో ప్రధాన భాగం కనిపించే సమయం ఎల్‌సీపీ 2.5 సెకన్లు దాటకూడదు, నొక్కినప్పుడు స్పందించే సమయం ఐఎన్‌పీ 200 మిల్లీసెకన్లు దాటకూడదు. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ సైట్‌లో మీ లింక్ వేస్తే, తగినంత ట్రాఫిక్ ఉన్న పేజీలకు ఈ మూడూ కనిపిస్తాయి. కింద ఉన్న యాడ్స్‌ను లేజీ లోడ్ చేయండి, అంటే చదివేవాడు దగ్గరికి వచ్చినప్పుడే లోడ్ కావాలి. మొదటి యాడ్‌కు మాత్రం లేజీ లోడ్ పెట్టకండి, అది వచ్చేలోపు మనిషి దాటిపోతాడు.

ఎన్ని యాడ్స్ అన్నదానికి ఒక హద్దు ఉంది. ఫోన్‌లో ఆర్టికల్ మొత్తం ఎత్తులో యాడ్స్ ఎత్తు 30 శాతం మించితే విసిగించే యాడ్స్‌కు హద్దులు పెట్టే కోయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ అనే బృందం ప్రమాణాలను దాటినట్టే. దానంతట అదే శబ్దంతో మొదలయ్యే వీడియో యాడ్స్, చదవనివ్వకుండా అడ్డొచ్చే పాపప్‌లు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. ఈ ప్రమాణాలను పదేపదే అతిక్రమించే సైట్లలో క్రోమ్ బ్రౌజర్ 2018 నుంచి మొత్తం యాడ్స్‌నే ఆపేస్తోంది. నా సలహా, 30 శాతం దగ్గరికి కూడా వెళ్లకండి. 20 శాతం దగ్గర ఆగితే చదివేవాళ్లు మిగులుతారు.

ఎవరూ చూడని మూలల్లో కూడా డబ్బు పోతుంటుంది. మీ సైట్‌లో యాడ్స్ అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే యాడ్స్ డాట్ టెక్స్ట్ (ads.txt) ఫైల్ డొమైన్ మూలంలో ఉందా, అందులో మీ పబ్లిషర్ ఐడీ సరిగ్గా ఉందా చూడండి. అది తప్పుంటే కొందరు కొనుగోలుదారులు మీ సైట్‌ మీద అసలు పాడరు, యాడ్‌సెన్స్ కూడా హెచ్చరిక చూపిస్తుంది. యాడ్‌సెన్స్‌లోని బ్లాకింగ్ కంట్రోల్స్‌లోకి వెళ్లి గతంలో ఎప్పుడో ఆపేసిన యాడ్ కేటగిరీలు ఏమున్నాయో చూడండి. మీకు నిజంగా ఇష్టం లేనివి ఆపడం సబబే. ఎందుకు ఆపారో గుర్తులేనివి తెరవండి, పోటీ పెరిగితే ధర పెరుగుతుంది. యూరప్, బ్రిటన్ నుంచి చదివేవాళ్లు ఉంటే చదివేవాళ్ల సమ్మతి అడిగే, గూగుల్ సర్టిఫై చేసిన కన్సెంట్ ప్లాట్‌ఫామ్ పెట్టుకోవాలి. 2024 జనవరి నుంచి అది లేకుండా అక్కడివాళ్లకు వాళ్ల ఆసక్తులను బట్టి చూపే పర్సనలైజ్డ్ యాడ్స్ రావు, ఆ దేశాల ఆర్‌పీఎం పడిపోతుంది.

ఆటో యాడ్స్ (యాడ్స్ ఎక్కడ పెట్టాలో గూగులే నిర్ణయించే పద్ధతి) మీద నా అభిప్రాయం. మొదటి రెండు మూడు చోట్లూ మీ చేత్తో పెట్టండి, ఎందుకంటే ఆర్టికల్ ఎక్కడ మలుపు తిరుగుతుందో మెషీన్ కంటే రాసినవాళ్లకే బాగా తెలుసు. తెర అంచున అతుక్కుని ఉండే యాంకర్ యాడ్‌కు మాత్రం ఆటో వాడుకోండి. పేజీ మారేటప్పుడు తెర నిండా వచ్చే విన్యెట్ యాడ్స్ డబ్బు బాగానే తెస్తాయి. కానీ మీ సైట్‌లో జనం ఒక ఆర్టికల్ నుంచి ఇంకోదానికి వెళ్తూ చదివే రకమైతే నేనైతే పెట్టను.

ఏం చేసినా మీ యాడ్స్‌ని మీరు నొక్కకండి, నొక్కమని ఎవరినీ అడగకండి, "ఇక్కడ చూడండి" అని బాణాలు గీయకండి, డౌన్‌లోడ్ బటన్ పక్కన యాడ్ పెట్టి పొరపాటున నొక్కించకండి. ఖాతా పోతే ఈ లెక్కలన్నీ పోతాయి.

4. మార్పు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒకసారి ఒకే మార్పు చేయండి. రెండు మూడు కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. వారాన్ని వారంతోనే పోల్చండి, ఎందుకంటే ఆదివారం ట్రాఫిక్ వేరు, మంగళవారం వేరు. కనీసం రెండు పూర్తి వారాలు వదిలేయండి. నెలల మధ్య పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రకటనదారులు ఎక్కువ ఖర్చు పెడతారు, జనవరి రాగానే బడ్జెట్లు తగ్గి ఆర్‌పీఎం పడుతుంది. డిసెంబరులో చేసిన మార్పు గొప్పగా కనిపిస్తుంది, జనవరిలో చేసిన మంచి మార్పు కూడా విఫలమైనట్టు కనిపిస్తుంది. ఈ ఇబ్బంది లేకుండా ఉండాలంటే, వీలున్న మార్పులకు యాడ్‌సెన్స్‌లో ఎక్స్‌పెరిమెంట్స్ వాడండి. ట్రాఫిక్‌ను రెండు భాగాలు చేసి, ఒకే సమయంలో పాతదీ కొత్తదీ నడిపి పోలుస్తుంది.

చిన్న సైట్ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నెలకు వంద క్లిక్కులు వచ్చే సైట్‌లో ఏమీ మార్చకపోయినా ఒక నెల 85, ఒక నెల 115 రావడం మామూలే. అలాంటి చోట 5 శాతం తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే రెండు వైపులా వేలల్లో క్లిక్కులు ఉండాలి. అంటే చిన్న సైట్‌లో బటన్ రంగు, యాడ్ బోర్డర్ లాంటి సన్నటి పరీక్షలకు అర్థం లేదు. కంటికి కనిపించే పెద్ద లోపాలు సరిచేసి వదిలేయండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి, పేజీ ఆర్‌పీఎం ఒక్కదాన్నే చూస్తే మోసపోతారు. ఒక సైట్‌లో పేజీ ఆర్‌పీఎం 3 డాలర్లు, ఒక్కొక్కరూ వచ్చినప్పుడు రెండేసి పేజీలు చదువుతున్నారు. వెయ్యి సందర్శనలకు 6 డాలర్లు. యాడ్స్ పెంచితే పేజీ ఆర్‌పీఎం 4కి చేరింది, కానీ విసిగిపోయి ఒక్కొక్కరూ సగటున 1.4 పేజీలతోనే వెళ్లిపోతున్నారు. వెయ్యి సందర్శనలకు ఇప్పుడు 5 డాలర్ల 60 సెంట్లు. రిపోర్టులో ఆర్‌పీఎం పెరిగింది, చేతికి వచ్చేది తగ్గింది. అందుకే సందర్శకుల లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్ (జీఏ4)లో సెషన్ల, అంటే సందర్శనల, అంకె తీసుకుని, మొత్తం సంపాదనను సెషన్లతో భాగించి చూడండి. మార్పు మంచిదా కాదా అని తేల్చాల్సింది ఆ అంకెతోనే.

వరుసగా రెండు మార్పులు చేసినా ఆ అంకెలో కదలిక లేకపోతే యాడ్స్ పని అక్కడితో ఆపండి. ఆపడం చాలామందికి చేతకాదు. డ్యాష్‌బోర్డ్ గంటకోసారి మారుతుంటుంది, చూస్తుంటే పని చేస్తున్నట్టే అనిపిస్తుంది. రెండో అంచెలో వేసిన లెక్క మళ్లీ వేయండి, గంటకు ఆరు సెంట్ల పని చేస్తున్నారో పద్నాలుగు సెంట్ల పని చేస్తున్నారో అదే చెబుతుంది.

5. కొత్తది రాసే ముందు పాతవి తిరగేయండి

యాడ్స్ అయిపోయాయి, ఇక కొత్తవి రాయాలి అనుకునేవాళ్లను ఇక్కడ కాసేపు ఆపాలనుకుంటున్నాను. ఎందుకంటే గంట విలువ అన్నింటికంటే ఎక్కువ వచ్చే పని తరచుగా ఇదే, దీన్నే అందరూ వదిలేస్తారు. చెట్టు నాటి నీళ్లు పోయకుండా, పక్కన ఇంకో మొక్క నాటినట్టు ఉంటుంది మన పద్ధతి.

గూగుల్ సెర్చ్‌లో మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్ తెరిచి పెర్ఫార్మెన్స్ రిపోర్టులో గత మూడు నెలలు ఎంచుకోండి. అది గరిష్ఠంగా 16 నెలల సమాచారం ఇస్తుంది. యావరేజ్ పొజిషన్ టిక్ పెట్టి, 8 నుంచి 20 మధ్య స్థానాల్లో ఉండి ఇంప్రెషన్లు (సెర్చ్‌లో కనిపించిన సార్లు) ఎక్కువగా ఉన్న పేజీలను పట్టుకోండి. ఇవి దాదాపు మొదటి పేజీ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాయి. గూగుల్ వీటిని పనికొచ్చేవే అనుకుంటోంది, ఇంకాస్త బాగుంటే పైకి తెస్తుంది.

అందులో ఒక పేజీ మీద నొక్కి, క్వెరీస్ ట్యాబ్‌కి వెళ్లండి. జనం ఏ మాటలతో వెతికి ఈ పేజీని చూస్తున్నారో వరుసగా కనిపిస్తాయి. ఇప్పుడు మీ ఆర్టికల్ పక్కన పెట్టుకుని ఆ మాటలు ఒక్కొక్కటీ చదవండి. "పాత ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతోంది" అని మీరు రాశారనుకోండి. జనం మాత్రం "బ్యాటరీ మార్చాలో లేదో ఎలా తెలుస్తుంది" అని వెతుకుతున్నారు. మీ ఆర్టికల్‌లో ఆ ప్రశ్నకు జవాబు ఎనిమిదో పేరాలో ఒక్క వాక్యంగా ఉంది. దాన్ని పైకి తెచ్చి, ఒక ఉపశీర్షిక పెట్టి, ఎలా చెక్ చేయాలో వివరంగా రాయండి. హెడ్డింగ్ కూడా జనం వెతికే మాటకు దగ్గరగా మార్చండి. పాతబడిన సమాచారం తీసేయండి. మీ సైట్‌లోనే అదే విషయం మీద ఎక్కువగా చదివే ఇంకో పేజీ నుంచి దీనికి లింక్ ఇవ్వండి. లింక్ చిరునామా మాత్రం మార్చకండి. పైన తేదీ మార్చి లోపల ఏమీ మార్చకపోవడం వల్ల ఉపయోగం లేదు.

ఇంప్రెషన్లు బాగా ఉండి, స్థానం కూడా మొదటి అయిదింట్లో ఉండి, క్లిక్కులు మాత్రం రాకపోతే లోపం హెడ్డింగ్‌లో ఉన్నట్టు. దాన్ని ఒక్కటే మార్చి మూడు వారాలు చూడండి. ఒకే విషయం మీద రెండు మూడు బక్క ఆర్టికల్స్ ఉంటే, అన్నింట్లో మంచిదాన్ని ఉంచి మిగతావాటిలోని పనికొచ్చే భాగాలు అందులో కలిపేసి, పాత చిరునామాలకు వచ్చినవాళ్లు నేరుగా దీనికే వచ్చేలా 301 రీడైరెక్ట్ పెట్టండి.

లెక్క కూడా వేద్దాం. ఇలా దిద్దడానికి 3 గంటలు పట్టింది, మూడింట్లో ఒకటి మాత్రమే ఫలించింది, ఫలించినది నెలకు వెయ్యి వ్యూస్ అదనంగా తెచ్చింది అనుకోండి. ఆర్‌పీఎం 2.80 దగ్గర 9 గంటల పనికి నెలకు 2 డాలర్ల 80 సెంట్లు, గంటకు 31 సెంట్లు. కొత్త ఆర్టికల్‌ 14 సెంట్ల దగ్గరే ఉంది. మూడింట్లో రెండు విఫలమవుతాయేమో అన్న భయం అక్కర్లేదు, విఫలమైనవాటిని కలుపుకున్నా ఇదే ముందుంది. ఏడాది దాటిన ఆర్టికల్స్ ముప్ఫయ్యో నలభయ్యో లేని కొత్త సైట్‌కు ఈ అంచె వర్తించదు. వాళ్లు నేరుగా కిందికి వెళ్లొచ్చు.

6. కొత్తవి ఏం రాయాలి?

"ఎన్ని రాయాలి" కంటే "ఏం రాయాలి" అన్నదే ఆదాయాన్ని మార్చేస్తుంది. యాడ్‌సెన్స్‌లో పేజీల వారీ రిపోర్ట్ తీసి, మీ విషయాలను గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపు ఆర్‌పీఎం చూడండి. ఒక గుంపు 1 డాలర్ దగ్గర, ఇంకోటి 6 దగ్గర ఉండడం వింతేమీ కాదు. సూక్తులు, శుభాకాంక్షలు, జోక్స్ పేజీలకు జనం వస్తారు గానీ వాళ్లు ఏదీ కొనే మూడ్‌లో ఉండరు, కాబట్టి ప్రకటనదారులు పెద్దగా పోటీ పడరు. ఏదో ఒకటి కొనబోతూనో, రెండింటిని పోల్చి చూస్తూనో, ఒక సమస్య తీర్చుకోవడానికో వెతికేవాళ్లు చదివే పేజీల్లో పోటీ ఎక్కువ. రుణాలు, బీమా, సాఫ్ట్‌వేర్ లాంటివి ఖరీదైన విషయాలని అందరికీ తెలిసిందే. అలాగని మీకు తెలియని విషయం మీద రాయకండి. డబ్బు, ఆరోగ్యం లాంటి విషయాల్లో రాసేవాళ్ల అనుభవం, నమ్మకం గూగుల్ మరీ గట్టిగా చూస్తుంది. పైగా ఎవరో మీ మాట నమ్మి డబ్బు పోగొట్టుకుంటే అది చిన్న సంగతి కాదు. మీకు బాగా తెలిసిన విషయంలోనే, కొనే దశకు దగ్గరగా ఉండే ప్రశ్నలు వెతకండి. మొక్కల గురించి రాసేవాళ్లు "గులాబీ అందాలు" కంటే "కుండీలో గులాబీకి ఏ ఎరువు, ఎప్పుడు" అని రాస్తే ఆర్‌పీఎం మారుతుంది.

చదివేవాళ్లు ఏ దేశం నుంచి వస్తున్నారన్నది కూడా రేటును మారుస్తుంది. రిపోర్టులో దేశాల వారీగా చూసి, మంచి ఆర్‌పీఎం ఉన్న చోటివాళ్లు మీ సైట్‌లో ఏం చదువుతున్నారో గమనించండి.

విడివిడిగా పది విషయాల మీద రాయడం కంటే, బాగా నడుస్తున్న ఒక ఆర్టికల్ చుట్టూ నాలుగైదు రాయడం మంచిది. పాతది కొత్తవాటికి లింక్ ఇస్తుంది, వచ్చినవాడు రెండో పేజీ చదువుతాడు, సందర్శనకు వచ్చే ఆదాయం పెరుగుతుంది. ఏం రాయాలో మళ్లీ సెర్చ్ కన్సోలే చెబుతుంది. మీ పేజీ ఏ ప్రశ్నలకు కనిపిస్తోందో, వాటిలో దేనికి మీ దగ్గర సరైన పేజీ లేదో అదే మీ తర్వాతి ఆర్టికల్.

మెషీన్‌తో వందలకొద్దీ ఆర్టికల్స్ రాయించి ఎక్కించేద్దాం అన్న ఆలోచన వస్తే మానుకోండి. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ విధానాల్లో స్కేల్డ్ కంటెంట్ అబ్యూజ్ అన్నదాన్ని చేర్చింది. ర్యాంక్ కోసమే పెద్దఎత్తున, చదివేవాళ్లకు ఉపయోగం లేకుండా తయారుచేసే పేజీలు, మనిషి రాసినా మెషీన్ రాసినా, అందులోకి వస్తాయి. దెబ్బ తగిలితే కష్టపడి రాసుకున్న మంచి పేజీలు కూడా వెనక్కి పోవచ్చు.

రాసిన ఆర్టికల్‌ను ఆరు నెలలు నిండకముందే తూకం వేయకండి. ఆరు నెలల తర్వాత చూసి, మీ నడిమధ్య అంకె కంటే బాగా తక్కువ ఉంటే పై అంచెలో చెప్పినట్టు దిద్దండి.

7. మళ్లీ యాడ్స్ వైపు ఎప్పుడు రావాలి?

రోజూ డ్యాష్‌బోర్డ్ చూడకండి, నెలకోసారి చాలు. ఒక షీట్‌లో నెల, పేజీ వ్యూస్, పేజీ ఆర్‌పీఎం, సెషన్‌కు ఆదాయం, ఆ నెల ఏం మార్చారు అని అయిదు గళ్లు పెట్టుకుని నింపుతూ పోండి. ఏడాది తిరిగితే గత జనవరిని ఈ జనవరితో పోల్చుకోవచ్చు, అప్పుడు ఆర్‌పీఎం పడినప్పుడల్లా కంగారుపడి యాడ్స్ కదిలించే పని ఉండదు.

ట్రాఫిక్ రెట్టింపు అయినప్పుడు రెండో అంచె లెక్క మళ్లీ వేయండి. అప్పుడు గిట్టుబాటు కాని మూడు శాతం ఇప్పుడు కావచ్చు. ట్రాఫిక్ ఒక స్థాయి దాటాక యాడ్స్ నిర్వహణ మొత్తం తామే చూసుకునే కంపెనీలు కూడా ఉన్నాయి. వాళ్లు వాటా తీసుకున్నాక మీకు మిగిలేది ఇప్పటికంటే ఎక్కువా అన్నది చూసి, ఒప్పందం ఎన్ని నెలలో, ఎలా బయటికి రావాలో చదివి దిగండి.

ఆర్‌పీఎం ఒక్కసారిగా సగానికి పడిపోతే అది సీజన్ వల్ల కాకపోవచ్చు. ముందు యాడ్‌సెన్స్‌లో నిబంధనల ఉల్లంఘనలు చూపే పాలసీ సెంటర్ చూడండి, తర్వాత యాడ్స్ డాట్ టెక్స్ట్, తర్వాత దేశాల వారీ ట్రాఫిక్. థీమ్ మార్చినప్పుడు, పెద్ద ప్లగిన్ అప్‌డేట్ అయినప్పుడు కూడా ఆ రోజే ఫోన్‌లో మీ అయిదు ప్రధాన ఆర్టికల్స్ తెరిచి, యాడ్ కోడ్ ఇంకా టెంప్లేట్‌లో ఉందో లేదో, పెట్టెకు ఇచ్చిన ఎత్తు అలాగే ఉందో లేదో చూసుకోండి.